జబ్బు రాకముందే పనిచేసే చదువు

జూబ్లీహిల్స్‌లో అపోలో ఆసుపత్రి 1988లో వెలసింది. ఆ దారిన వెళ్ళే ముస్లిం తల్లిదండ్రులకు మనసులో ఒకటే కోరిక, తమ బిడ్డ కూడా ఇలాంటిచోట డాక్టర్ కావాలని. కోరిక మంచిదే. అయితే ఎంబీబీఎస్ సీటు రాకపోతే వైద్యరంగమే మూసుకుపోయినట్టు కుంగిపోతున్నారు.

అక్కడికి దగ్గరలోనే ఫిలింనగర్ బస్తీలున్నాయి. అలాంటి ఇరుకు బస్తీలకు డాక్టరుకన్నా ముందు కావలసిన మనిషి ఒకరున్నారు. నీటిని పరీక్ష చేయించేవారు, జబ్బు ఏ వీధిలో మొదలై ఎటు పాకుతున్నదో లెక్కగట్టేవారు. ఆ చదువే ప్రజారోగ్యంలో పీజీ, ఎం.పి.హెచ్. ఆ పని సకాలంలో జరగకపోతే ఏమవుతుందో ఇదే నగరంలో ముషీరాబాద్ దగ్గరి భోలక్‌పూర్ చూసింది. 2009 మే నెలలో అక్కడ కలుషితమైన నీరు తాగి పలువురు పేదలు మరణించారు.

మహమ్మారి ఉన్న ఊరికి పోవద్దనీ, ఉన్న ఊరిలో వస్తే పారిపోవద్దనీ దైవప్రవక్త (స) ఆదేశించారు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో ప్లేగు వార్త విని సర్గ్ నుంచి వెనుదిరిగారు. విధి నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగితే, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపే వెళ్తున్నామన్నారు. ఇమాం గజాలీ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో వైద్యాన్ని ఫర్జె కిఫాయాగా లెక్కించారు. అంటే కొందరైనా నెరవేర్చాలి, ఎవరూ పూనుకోకపోతే అందరూ దోషులే. తన కాలంలో జనం ఫిఖ్‌హ్ వైపే ఎగబడి వైద్యాన్ని వదిలేశారని కూడా ఆయన ఆక్షేపించారు. నేడు మనవాళ్ళు చికిత్స వైపే ఎగబడుతున్నారు, నివారణను పట్టించుకునేవారు లేరు.

ఈ కోర్సు ఎంబీబీఎస్ వారికే పరిమితం కాదు. దంతవైద్యం, నర్సింగ్, యునానీ చదివినవారికీ, కొన్నిచోట్ల ఇతర డిగ్రీలవారికీ అవకాశం ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇది రెండేళ్ళ కోర్సు. అంటువ్యాధుల శాస్త్రం, గణాంకాలు, ఆరోగ్య విధానాలు నేర్పుతారు, బస్తీలకూ పల్లెలకూ పంపి పని చేయిస్తారు. లెక్కలంటే భయపడేవారు ముందే కొంత సిద్ధపడటం మంచిది. యునానీలో సైతం ‘తహఫ్ఫుజీ వ సమాజీ తిబ్’ పేరుతో పీజీ ఉన్నది, బెంగళూరు జాతీయ యునానీ సంస్థలో చదవవచ్చును.

ఒక మాట దాచకూడదు. ఇది క్లినిక్ బోర్డు పెట్టుకునే డిగ్రీ కాదు. సంబంధాలు చూసేటప్పుడు “అబ్బాయి డాక్టరేనా?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది!

ఆడపిల్లల తల్లిదండ్రులు దీన్ని మరింతగా ఆలోచించాలి. పర్దా పాటించే ఇల్లాలు తన కాన్పు సంగతులు, రక్తహీనత సంగతులు కాగితాలు పట్టుకొచ్చిన పరాయి మగవాడికి చెప్పదు. మన అమ్మాయి వెళ్ళి గడప లోపల కూర్చుని ఉర్దూలో అడిగితే చెబుతుంది.