విశాఖ ఆరోగ్యపు లెక్కలో హారం

విశాఖపట్నంలో ఏటా ఎంతమంది చనిపోతున్నారో చెప్పడం తేలికే అనిపిస్తుంది. నగరపాలక సంస్థలో నమోదైన మరణాలను కూడితే చాలుననుకుంటాం. కానీ ఆ నమోదుల్లో ఉన్నవాళ్లంతా విశాఖవాసులు కారు. లెక్క అక్కడే చిక్కు పడుతుంది.

1923లో మొదలైన కింగ్ జార్జి ఆస్పత్రి, అంటే మన కేజీహెచ్, నేటికీ ఉత్తరాంధ్ర మొత్తానికి పెద్దదిక్కు. ఉద్దానం నుంచి కిడ్నీలు చెడినవాళ్లు, పాడేరు, అరకు మన్యం నుంచి కాన్పు కష్టమైనవాళ్లు, ఒడిశా సరిహద్దు పల్లెల నుంచి చివరి ఆశతో బయల్దేరినవాళ్లు ఇక్కడికే చేరతారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి. ఉద్దానంలోని కవిటి రైతు కేజీహెచ్ వార్డులో కన్నుమూస్తే ఆ మరణం విశాఖ ఖాతాలో పడుతుంది, కవిటి ఖాతాలో పడదు. దాంతో జబ్బున్న ఊరు కాగితం మీద ఆరోగ్యంగానూ, వైద్యమున్న ఊరు రోగగ్రస్తంగానూ కనిపిస్తాయి. జననాలదీ ఇదే తీరు. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ మనది. గాజువాకలో కాపురముండే అమ్మాయి విజయనగరంలో ప్రసవిస్తే ఆ బిడ్డ పుట్టుక విజయనగరం లెక్కలో చేరుతుంది.

దీనికి మందు నమోదు దరఖాస్తులోనే ఉంది. మరణాన్ని తెలియజేసే పత్రంలో చనిపోయినవారు సాధారణంగా నివసించే ఊరు, జిల్లా రాయడానికి వేరే గడి ఉంటుంది. ఆ గడిని సరిగా నింపి, మరణాలను నివాసం వారీగా మళ్లీ సర్దితే ఉద్దానం మరణాలు ఉద్దానానికి, విశాఖ మరణాలు విశాఖకు చేరతాయి. ఇందుకు కొత్త సర్వే అక్కర్లేదు. గుమస్తా ఓపిగ్గా రాయాలి, ఆ రాతను పైవాళ్లు వాడుకోవాలి, అంతే.

ఇది లవం సంగతి. ఒక ప్రాంతపు ఆరోగ్యాన్ని అంచనా వేసేటప్పుడు ప్రతి రేటుకూ పైన లవం, కింద హారం ఉంటాయి. పైన చనిపోయినవాళ్లు, జబ్బు పడ్డవాళ్లు. కింద ఆ ప్రాంతంలో ఉన్న జనం. వార్తల్లో పై అంకే వస్తుంది. నా దృష్టిలో విశాఖకు అసలు కొరత హారం దగ్గరే ఉంది.

2011 జనాభా లెక్కల్లో విశాఖపట్నం జిల్లా జనాభా 42,90,589. సముద్రపు ఒడ్డు నుంచి మన్యం కొండల దాకా విస్తరించిన జిల్లా అది. వెయ్యిమంది మగవాళ్లకు 1006 మంది ఆడవాళ్లు ఉండేవారు. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా మూడు ముక్కలైంది. మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాగా, పశ్చిమ భాగం అనకాపల్లి జిల్లాగా విడిపోయాయి. మిగిలిన విశాఖపట్నం విస్తీర్ణంలో చిన్నది, దాదాపుగా నగరమే. పాత జిల్లాలో సగం జనం కూడా ఇందులో లేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత కోసం మన రాష్ట్రంలో ఇంటింటికీ తిరిగింది 2019లో. కాబట్టి అందులో విశాఖపట్నం జిల్లా పేరిట అచ్చయిన రక్తహీనత, టీకాలు, పిల్లల బరువు వగైరా అంకెల్లో నగరంలోని ఎంవీపీ కాలనీ, మన్యంలోని ముంచంగిపుట్టు కలిసే ఉన్నాయి. వాటి సగటు ఎంవీపీ కాలనీకీ వర్తించదు, ముంచంగిపుట్టుకీ వర్తించదు. ఇవాళ్టి జిల్లా అధికారి ఆ పట్టికను ముందు పెట్టుకుంటే తన పరిధిలో లేని మన్యపు ఆకలి కూడా అందులో కనిపిస్తుంది. తన పరిధిలోని మురికివాడల ఆకలి మాత్రం విడిగా కనిపించదు.

నగరం సరిహద్దు జిల్లా సరిహద్దుతో కలవదు. అనకాపల్లి పట్టణం 2013లో జీవీఎంసీలో, అంటే గ్రేటర్ విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. ఇప్పుడది వేరే జిల్లాకు కేంద్రమైనా మహానగరంలో భాగమే. పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీలు అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. అక్కడ పనిచేసేవాళ్లలో ఎందరో రోజూ గాజువాక, కూర్మన్నపాలెం నుంచి బస్సెక్కి వెళతారు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కాబట్టి ఇప్పటికీ మన హారం 2011 నాటిదే. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. పదహారేళ్లలో ఈ నగరానికి ఎందరు వలస వచ్చారో, వాళ్లలో ఒడిశా, బిహార్ కార్మికులు ఎందరో అప్పుడుగానీ సరిగా తేలదు.

తల లెక్క తేలినంత మాత్రాన పని పూర్తి కాదు, వయసు కూడా చూడాలి. లెక్క కోసం రెండు పేటలు ఊహించుకుందాం. రెండింటిలోనూ పదేసి వేలమంది ఉన్నారు. రెండింటిలోనూ 60 ఏళ్ల లోపువారిలో వెయ్యికి ఇద్దరు, 60 దాటినవారిలో వెయ్యికి 40 మంది ఏటా చనిపోతున్నారు. అంటే ఆరోగ్యంలో ఏ తేడా లేదు. మొదటి పేటలో వృద్ధులు 500 మంది, రెండోదాంట్లో 2,000 మంది. మొదటి పేటలో మరణాలు 39, రెండోదాంట్లో 96. మొత్తం మరణాల రేటు చూసి రెండో పేట రెండున్నర రెట్లు ప్రమాదకరమని ఎవరైనా పొరబడవచ్చు. అందుకే జనారోగ్య శాస్త్రంలో ముందు వయసుల వారీగా రేట్లు కట్టి, వాటిని ఒకే ప్రామాణిక జనాభాకు అన్వయించి, ఆ తర్వాతే పోలుస్తారు.

మొదటి పేట ఊహే అయినా విశాఖలో దానికి దగ్గరి పోలిక ఉక్కునగరం, అంటే విశాఖ ఉక్కు కర్మాగారపు టౌన్‌షిప్. 1966 ఉద్యమం సాధించిన కర్మాగారం అది. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. దాని టౌన్‌షిప్‌లో ఉండేది ఉద్యోగంలో ఉన్నవాళ్లు, వాళ్ల కుటుంబాలు. ఉద్యోగంలో చేరేటప్పుడే వైద్యపరీక్ష ఉంటుంది, జబ్బు ఉన్నవారు ఆ గడప దాటరు. అందువల్ల పెద్ద కర్మాగారాల ఉద్యోగులు సాధారణ జనం కంటే ఆరోగ్యంగా కనిపించడం ప్రపంచమంతటా చూస్తున్నదే. పనిలో హాని లేదనడానికి అది రుజువు కాదు. కోక్ ఓవెన్ల దగ్గర వెలువడే పొగలు క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో తేల్చింది, కానీ ఆ క్యాన్సర్ బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. అప్పటికి ఆ కార్మికుడు రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి, కూర్మన్నపాలెంలోనో సొంత ఊళ్లోనో ఉంటాడు. అతని జబ్బు అక్కడి లెక్కలో చేరుతుంది. ఇక కాంట్రాక్టు కార్మికుడు మేస్త్రీ మారినప్పుడల్లా చోటు మారతాడు; అతను ఏ లెక్కలోనూ నిలవడు. కర్మాగారం కోసం భూములిచ్చి పునరావాసపు ఆర్ కార్డు పట్టుకుని నిర్వాసిత కాలనీలకు చేరిన కుటుంబాలు టౌన్‌షిప్ గోడకు ఇవతలే ఉన్నాయి. ఆ గోడకు రెండు పక్కలా ఆయుర్దాయం ఎంతెంతో విడివిడిగా కట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను.

సగటు దాచేది ఎంతో చెప్పే అంకె ఒకటుంది. 2011 లెక్కల ప్రకారం గ్రేటర్ విశాఖ కుటుంబాల్లో 44 శాతం మురికివాడల్లో ఉన్నాయి. పది లక్షలు దాటిన నగరాల్లో ముంబయి కంటే కూడా ఇది ఎక్కువ. బీచ్ రోడ్డు ఫొటోల్లో ఈ 44 శాతం కనిపించదు.

గాలి విషయంలోనూ అంతే. ఒకవైపు కైలాసగిరి, సింహాచలం కొండలు, ఇంకోవైపు యారాడ కొండ, మధ్యలో గిన్నెలాంటి పల్లపు నేల. రేవు, రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, ఆ చుట్టూ మల్కాపురం, శ్రీహరిపురం, జ్ఞానాపురం, వన్ టౌన్ అన్నీ ఆ పల్లంలోనే ఉన్నాయి. చలికాలపు రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి చల్లగా బరువుగా కిందే ఉండిపోతుంది. పైన వెచ్చని పొర ఉండటంతో పొగ పైకి లేవదు. పొద్దెక్కి సముద్రపు గాలి తిరిగాక అది లోపలి పేటల వైపు కదులుతుంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు గాలి, నీరు, నేల కలిపి మార్కులు వేసినప్పుడు విశాఖకు 70.82 వచ్చింది. 70 దాటితే అతి తీవ్రమే. మరుసటి ఏడాది కొత్త పరిశ్రమల అనుమతులకు కొంతకాలం బ్రేకు పడింది.

చాలా ఏళ్లుగా విశాఖ గాలి నాణ్యత అని మనం చూసే అంకె జీవీఎంసీ కార్యాలయం దగ్గరి కేంద్రంలో కొలిచినది. రేవు యార్డుల నుంచి లేచే బొగ్గు దుమ్ములో పెద్ద రేణువులు దూరం పోవు, దగ్గరి ఇళ్ల మీదే పడతాయి. ఆరేసిన బట్టల మీద, వంటింటి గిన్నెల మీద నల్లటి పొరను వన్ టౌన్ ఆడవాళ్లు రోజూ తుడుస్తారు. అంత దూరంలోని యంత్రం దాన్ని సరిగా పట్టలేదు. సన్నని పీఎం 2.5 రేణువులు మాత్రం దూరం ప్రయాణించి ఊపిరితిత్తుల లోతుల్లోకి, అక్కడి నుంచి రక్తంలోకి చేరతాయి. వాటి ఏడాది సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు మించకూడదన్నది మన ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 5. ఆ పేటల్లో పిల్లల ఉబ్బసం ఎంతో తెలియాలంటే యంత్రం, ఆశా కార్యకర్త ఇద్దరూ అదే వీధిలో ఉండాలి. ముప్పై దాటినవారికి బీపీ, షుగరు చూడటానికి ఆశాలు, ఏఎన్‌ఎంలు ఎలాగూ ఇంటింటికీ తిరుగుతున్నారు. దగ్గు, ఆయాసం గురించి వాళ్లు రాసుకున్నది వార్డు వారీగా, వీధి వారీగా పటం మీదికి ఎక్కితే చాలు. అమెరికాలో 2010 చట్టం ప్రకారం లాభాపేక్ష లేని ఆస్పత్రులు మూడేళ్లకోసారి తమ చుట్టుపక్కల జనం అవసరాలను అంచనా వేసి ప్రకటించాలి. మన 98 వార్డుల నగరానికి అలాంటి నివేదిక అసాధ్యమేమీ కాదు.

భద్రత దగ్గరికి వచ్చేసరికి హారం గంటగంటకూ మారుతుంది. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో వంటగ్యాస్ పేలి అరవైమంది దాకా చనిపోయింది ఆదివారం పొద్దున్న. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియా ఫార్మా కంపెనీలో 17 మందిని బలిగొన్న ప్రమాదం మధ్యాహ్నం భోజనాల వేళ జరిగింది. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లేచింది తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో. జనాభా లెక్క ఎవరు ఎక్కడ నివసిస్తారో చెబుతుంది గానీ మధ్యాహ్నం రెండింటికి ఎవరు ఎక్కడ ఉంటారో చెప్పదు. ఫ్యాక్టరీ బయటి అత్యవసర ప్రణాళికకు పగటి జనం, రాత్రి జనం రెండూ కావాలి.

ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ 1961లో వెలిసింది. ఊరు పెరిగి దాని గోడదాకా వచ్చింది. స్టైరీన్‌ను చల్లగా, నిరోధక రసాయనం కలిపి నిల్వ ఉంచాలి. లాక్‌డౌన్‌లో ట్యాంకు కదలకుండా ఉండి వేడెక్కింది. వేడికి అణువులు గొలుసులుగా కలవడం మొదలైంది, ఆ చర్య మరింత వేడిని పుట్టించింది. బయటికొచ్చిన ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి నేలను అంటిపెట్టుకుని, నిద్రపోతున్న ఇళ్లలోకి పాకింది. పన్నెండు మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. సైరన్ మోగించలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. మోగి ఉంటే ఎవరు ఎటు పరుగెత్తాలో ఆ ఇళ్లలో ఎవరికైనా ముందే చెప్పారా అన్నది నన్ను ఇప్పటికీ వేధించే ప్రశ్న.

ఆ రోజు వార్తలు ఆగిపోయినా శాస్త్రానికి పని మిగిలే ఉంది. స్టైరీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువని అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ 2018లో వర్గీకరించింది. ఒకే రాత్రి పీల్చినదాని ఫలితం అలా ఉంటుందా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు దొరకాలంటే మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించాలి. ఇక్కడ చిన్న అంకెల చిక్కు ఉంది. మనదేశంలో లక్షమందికి ఏటా సుమారు వందమందికి కొత్తగా క్యాన్సర్ వస్తుందనుకుంటే, అయిదు వేలమంది ఉన్న ఊళ్లో అది సగటున అయిదుగురు. అలాంటి ఊళ్లో ఏ కారణమూ లేకుండానే ఒక ఏడాది ఇద్దరు, ఇంకో ఏడాది తొమ్మిది మంది కావచ్చు. తొమ్మిదిని చూసి భయపడటం, రెండును చూసి ధీమా పడటం రెండూ తప్పే. ఎక్కువమందిని, ఎక్కువ ఏళ్లు, దూరంగా ఉన్న మరో ఊరితో పోల్చుతూ చూస్తేనే నిజం బయటపడుతుంది.

భోపాల్‌లో 1984 విషవాయువు ప్రమాదం తర్వాత భారత వైద్య పరిశోధనా మండలి ఎనభై వేలమంది బాధితులను, వాళ్లతో పోల్చడానికి గ్యాస్ సోకని పేటల వారిని జాబితా రాసి 1994 వరకు గమనించింది. అక్కడ ఎవరు ఎంత గ్యాస్ పీల్చారో వాళ్ల పేటలో తొలి రోజుల్లో జరిగిన మరణాల రేటును బట్టి తరగతులు కట్టారు. వెంకటాపురం చుట్టుపక్కల ఊళ్లలో మనిషికి పదివేల రూపాయల చొప్పున ప్రభుత్వం సాయం పంచింది, అంటే పేర్ల జాబితా ఉండే ఉంటుంది. ఆ రాత్రి ఏ ఇంట్లో ఉన్నారు, ట్యాంకుకు ఎంత దూరం, ఎంతసేపు పీల్చారు, ఇప్పుడెక్కడున్నారు అన్న నాలుగు గడులు దానికి చేర్చాలి. ఆ రాత్రికి అయిదేళ్లున్న పిల్లలకు 2040 నాటికి పాతికేళ్లు వస్తాయి. అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లు ఇప్పటికే చెదిరిపోతున్నారు, కాబట్టి ఆ పని ఈ ఏడాదే మొదలుకావాలి.