చిలుము వదిలితే... వెలుగే!

ఊరు దాటాక చిమ్మచీకటి. ఎదురుగా లారీ వస్తోందని డిప్పర్ నొక్కారు. అంతే! పెద్ద లైటు పోయింది, చిన్న లైటు రాలేదు. నాన్న కాలంనాటి జావా మీద వెళ్తున్నారు మరి! బండి ఆపి డూమ్ మీద అరచేత్తో ఒక్కటి చరిస్తే గానీ వెలగలేదు. చాలామంది అక్కడితో ఊరుకుంటారు. ఊరుకోకూడదు. ఒక లారీ దాటేలోపు కనిపించకుండా పోయిన రోడ్డులో గొయ్యి ఉండొచ్చు, మనిషి ఉండొచ్చు. బల్బులో తీగలు రెండూ బాగానే ఉంటే, తర్వాత అనుమానించాల్సింది స్విచ్చినే.

మైసూరులో ఐడియల్ జావా బళ్ల తయారీ 1960ల మొదట్లో మొదలైంది. తర్వాత యెజ్డీ పేరుతో 1996 దాకా సాగింది. 2018లో జావా, 2022లో యెజ్డీ మళ్లీ వచ్చాయి కానీ ఆ కొత్త బళ్ల స్విచ్చిలు పాతవాటికి సరిపోవు. డూమ్ మీద మేకులాంటి తాళంచెవిని నొక్కితే ఇంజిన్‌కి కరెంటు, తిప్పితే లైట్లు... ఆ సొగసు పాతదానికే ఉంది. కాబట్టి ఒరిజినల్ స్విచ్చిని పారేసి నకలు బిగించే ముందు, ఒకసారి విప్పి చూడండి.

అసలు చిక్కు ఆరు వోల్టులది. 35 వాట్ల బల్బు 12 వోల్టుల బండిలో దాదాపు 3 ఆంపియర్లు లాగితే, ఆరు వోల్టుల బండిలో దాదాపు 6 లాగుతుంది. స్విచ్చి లోపలి ఇత్తడి రేకు మీద చిలుము పట్టి 0.1 ఓమ్ నిరోధం వచ్చినా 0.6 వోల్టు అక్కడే పోతుంది. అంటే పదో వంతు. వెలుగు మాత్రం సుమారు 30 శాతం పడిపోతుంది! బ్యాటరీ మార్చినా, బల్బు మార్చినా లైటు గుడ్డిగానే ఉండటానికి చాలాసార్లు ఇదే కారణం.

మల్టీమీటర్ ఉంటే తేల్చడం తేలిక. లైటు వేసి, స్విచ్చికి కరెంటు వచ్చే చోట ఒక ముల్లు, పోయే చోట ఇంకోటి పెట్టండి. దాదాపు సున్నా చూపిస్తే స్విచ్చి మంచిదే. 0.2 వోల్టు దాటితే విప్పాల్సిందే.

ముందు బ్యాటరీ తీగ ఊడదీయండి. ఏ రంగు తీగ ఎక్కడుందో సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోండి. విప్పేటప్పుడు చేతులూ స్విచ్చీ పెద్ద పాలిథీన్ సంచిలో ఉంచితే మంచిది. స్ప్రింగు ఎగిరిందంటే గ్యారేజీ అంతా పాకాల్సి వస్తుంది! కాంటాక్ట్ క్లీనర్‌తో పాత గ్రీజు కడిగి, 600 నంబరు ఉప్పుకాగితంతో రేకుల్ని మెల్లగా రుద్దండి. ఇత్తడి కదా అని చింతపండు జోలికి మాత్రం వెళ్లొద్దు. సందుల్లో మిగిలిన పులుపు మళ్లీ చిలుము పట్టిస్తుంది. రివెట్లు వదులైతే సోల్డర్ పెట్టొచ్చు, కానీ చటుక్కున తీసేయాలి. బేకలైట్ కరగదు... మాడి పగులుతుంది. స్ప్రింగు చచ్చిపోతే బాల్‌పెన్ స్ప్రింగు వేసే మెకానిక్‌లున్నారు. నెల తిరక్కుండానే అది మెత్తబడితే మళ్లీ మొదటికే.

హారన్ కథ వేరు. చాలా పాత బళ్లలో దాని బటన్‌కి ఒకటే తీగ వస్తుంది, రెండోది హ్యాండిలే. ముచ్చటపడి హ్యాండిల్‌కి పౌడర్ కోటింగ్ చేయించాక హారన్ మూగబోయిందని మెకానిక్ దగ్గరికి పరుగెత్తేవాళ్లు ఎందరో! బటన్ క్లాంప్ కింద కాస్త పెయింటు గీకితే చాలు. హ్యాండిల్ నుంచి ఫ్రేముకి విడిగా ఎర్త్ తీగ లాగితే ఇంకా నయం.

తిరిగి బిగించేటప్పుడు రేకుల మీద వ్యాజ్‌లైన్ పలచగా రాయండి. బ్యాటరీ దగ్గర ఫ్యూజు స్థానంలో ఎవరో రాగితీగ చుట్టి ఉంటే తీసేసి సరైన ఫ్యూజు పెట్టండి. చీకటి పడ్డాక బండిని గోడకు ఎదురుగా నిలిపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, డిప్పర్‌ని ఇరవైసార్లు అటూ ఇటూ వేయండి. ఒక్కసారి తడబడినా మళ్లీ విప్పాల్సిందే.