డీజిల్ కారులో మసి సెన్సర్ కోడ్ వచ్చిందా? సెన్సర్ మార్చే ముందు ఇవి చెక్ చేయండి

చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. స్కాన్ చేస్తే పీఎమ్ సెన్సర్ అనో, డీపీఎఫ్ అనో కోడ్ వచ్చింది. వెంటనే "సెన్సర్ పోయింది, మార్చేద్దాం" అనుకోకండి. సెన్సర్ నిజంగా పాడైందా, లేక నిజమే చెబుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి. లేదంటే కొత్తది వేశాక కూడా అదే లైట్ మళ్లీ పలకరిస్తుంది.

రెండు సెన్సర్లు, రెండు పనులు

బీఎస్6 డీజిల్ కార్ల ఎగ్జాస్ట్‌లో మసిని పట్టే ఫిల్టరే డీపీఎఫ్. ఇక్కడ చాలామంది రెండు సెన్సర్లను కలిపేస్తుంటారు.

• ప్రెజర్ సెన్సర్: ఫిల్టర్‌కు ముందు, వెనక ఉన్న ఒత్తిడిలో తేడా కొలుస్తుంది. ఫిల్టర్ ఎంత నిండిందో దీన్నిబట్టే ఈసీయూ అంచనా వేస్తుంది.
• పీఎమ్ సెన్సర్: ఫిల్టర్ తర్వాత ఉంటుంది. సిరామిక్ పలక మీద రెండు ఎలక్ట్రోడ్లు ఉంటాయి. మసి పేరుకుంటే వాటి మధ్య కరెంట్ ప్రవహిస్తుంది. త్వరగా ప్రవహించిందంటే ఫిల్టర్ మసిని ఆపడం లేదన్నమాట. తర్వాత లోపలి హీటర్ ఆ మసిని కాల్చేస్తుంది, లెక్క మళ్లీ మొదలవుతుంది.

కోడ్ ఏం చెబుతోంది?

స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ పోర్ట్‌కు బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఫోన్ యాప్‌లో కోడ్ చదవండి. చెరిపేసే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

• పీ2463: ఫిల్టర్‌లో మసి ఎక్కువైంది. ప్రెజర్ సెన్సర్ పైపులు చిట్లాయా, ఊడాయా చూడండి. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఒత్తిడి తేడా దాదాపు 0 చూపించాలి. లేకపోతే అనుమానం ఆ సెన్సర్ మీదే.
• పీ2002: ఫిల్టర్ సరిగా పనిచేయడం లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక సైలెన్సర్ గొట్టం లోపల వేలితో రుద్దండి. నల్లటి మసి బాగా అంటితే ఫిల్టర్ పగిలి ఉండొచ్చు.
• పీ24బీ3: పీఎమ్ సెన్సర్ హీటర్ సర్క్యూట్. ఫ్యూజ్, కనెక్టర్, వేడికి కరిగిన లేదా ఎలుకలు కొరికిన వైర్లు చూడండి.

రిపేర్ ఎలా?

డీపీఎఫ్ లైట్ ఒక్కటే వెలిగితే యూజర్ మాన్యువల్‌లో చెప్పినట్టు హైవే మీద ఆగకుండా నడపండి. ఫిల్టర్ తనంతట తానే మసిని కాల్చేసుకుంటుంది. చెక్ ఇంజిన్ లైట్ కూడా వెలిగినా, పికప్ పడిపోయినా నేరుగా సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి.

వైరింగ్ బాగుండి కూడా సెన్సర్ కోడ్ తిరిగొస్తేనే సెన్సర్ మార్చాలి. పీఎమ్ సెన్సర్ సాధారణంగా వైరు, చిన్న కంట్రోల్ బాక్స్‌తో కలిపి ఒకే సెట్‌గా వస్తుంది. వైరు కత్తిరించి అతికించొద్దు. కింద పడిన సెన్సర్ బిగించొద్దు, లోపలి సిరామిక్ పగిలి ఉండొచ్చు. కొన్ని మోడళ్లలో మార్చాక స్కానర్‌తో రీసెట్ కూడా చేయాలి.

"డీపీఎఫ్ తీసేసి రీమ్యాప్ చేస్తాం, ఇక లైట్ గొడవే ఉండదు" అనేవాళ్లూ తగులుతారు. అది చట్టవిరుద్ధం. పైగా ఆ మసంతా మీ వెనక బైక్ మీద వచ్చేవాళ్ల ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. లైట్ ఆర్పడం కాదు, అది ఎందుకు వెలిగిందో పట్టుకోవడమే అసలు రిపేర్.