మీకు తెలుసా? కుర్ర బ్యాటర్‌ను పై జట్టులోకి ఎప్పుడు పంపాలి

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) సెలక్షన్లు దగ్గర పడితే కామారెడ్డి, ఎల్లారెడ్డి బడుల్లో పీఈటీ సార్లకు ఒక చిక్కు వస్తుంది. అండర్‌-14లో దంచి కొడుతున్న పిల్లాణ్ని అండర్‌-17లో దింపాలా, ఇంకో ఏడాది ఆగాలా? అమెరికా బేస్‌బాల్ జట్లకూ ఏటా ఇదే చిక్కు. అక్కడ సింగిల్ ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మెట్లుంటాయి. మామూలుగా అవి దాటాకే మేజర్ లీగ్.

* బేస్‌బాల్ మహామహుల్లో ఒకడైన విల్లీ మేస్, మేజర్ లీగ్‌కు వచ్చిన కొత్తలో 26 సార్లు బ్యాట్ పట్టి ఒక్కటంటే ఒక్క హిట్ కొట్టాడు. 1951 నాటి మాట. అతని జట్టు న్యూయార్క్ జెయింట్స్‌కు మినియాపొలిస్‌లో కింది జట్టు ఉండేది. అక్కడ 35 మ్యాచ్‌ల్లో మేస్ సగటు .477, అంటే నూరుసార్లకు సుమారు 48 హిట్లు. ముప్పై కొట్టినవాణ్నే మంచి బ్యాటర్ అంటారు! 20 ఏళ్ల మేస్‌ను మే నెలలో పైకి పిలిచారు. మొదటి 12 సార్లూ ఖాళీ. పదమూడోసారి హోమ్ రన్. ఆ వెంటనే మళ్లీ కరువు. మేస్ ఏడ్చేశాడు, ఈ స్థాయి తన వల్ల కాదన్నాడు. మేనేజర్ లియో డ్యురోషర్ మాత్రం సెంటర్ ఫీల్డ్‌లో రేపు కూడా నువ్వే ఆడతావని తేల్చి చెప్పాడు. ఆ ఏడు 20 హోమ్ రన్లతో మేస్ లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. రిటైరయ్యేనాటికి ఆ లెక్క 660. కింది జట్టులో .477 చూసి ఎవరైనా పిలుస్తారు. 26లో ఒకటి చూసి కూడా ఆడించడమే డ్యురోషర్ గొప్పతనం.

* అదే ఏడాది యాంకీస్ జట్టు 19 ఏళ్ల మికీ మాంటిల్‌ను పైకి తెచ్చి, తడబడుతున్నాడని జులైలో కాన్సాస్ సిటీలోని తన కింది జట్టుకు పంపింది. ఆగస్టుకల్లా తిరిగి వచ్చాడు, దిగ్గజమయ్యాడు. కాబట్టి పిల్లాణ్ని మళ్లీ అండర్‌-14కి పంపితే పరువు పోయిందని ఇంట్లోవాళ్లు కుమిలిపోనక్కర్లేదు.

* మన హైదరాబాద్ అమ్మాయి మిథాలీ రాజ్ 14 ఏళ్లకే 1997 ప్రపంచకప్ ప్రాబబుల్స్‌లో ఉంది, తుది జట్టులో చోటు దక్కలేదు. 1999లో, 16 ఏళ్ల వయసులో, మొదటి వన్డేలోనే ఐర్లాండ్‌పై 114 నాటౌట్. 2002 జనవరిలో లక్నోలో తొలి టెస్టు ఆడి సున్నాకు అవుటైంది. ఆ సున్నాను చూసి పక్కన పెట్టి ఉంటే? అదే ఏడాది ఆగస్టులో టాంటన్‌లో ఇంగ్లండ్‌పై 214 కొట్టి, మహిళల టెస్టుల్లో అప్పటి ప్రపంచ రికార్డు తన పేర రాసుకుంది. అది ఆమెకు మూడో టెస్టు మాత్రమే.

* తొందరపాటు గురించి అందరూ హెచ్చరిస్తారు, ఆలస్యం గురించి ఎవరూ మాట్లాడరు. గుంటూరులో పుట్టి హైదరాబాద్‌కు ఆడిన అంబటి రాయుడు 17 ఏళ్లకే, 2002లో, ఆంధ్రాపై ఒకే రంజీ మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ చేశాడు. 2004 అండర్‌-19 ప్రపంచకప్‌లో భారత కెప్టెన్. మధ్యలో బోర్డు గుర్తించని ఐసీఎల్ లీగ్‌కు వెళ్లడం, నిషేధం, క్షమాభిక్ష. భారత జట్టు తరఫున తొలి వన్డే ఆడేసరికి 2013 జులై, వయసు 27. హరారేలో ఆ రోజు 63 నాటౌట్‌గా నిలిచాడు. ఆ పదేళ్లు తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

* ఆటతో సంబంధం లేకుండా కూడా ఆపుతారు. 2015లో షికాగో కబ్స్ యువ హిట్టర్ క్రిస్ బ్రయంట్‌ను సీజన్ మొదట్లో కింది జట్టులో ఉంచి, ఏప్రిల్ 17న పిలిచింది. నిబంధన ప్రకారం మేజర్ లీగ్ జట్టులో 172 రోజులుంటే ఏడాది సర్వీసు. అతనికి దక్కింది 171! ఆ ఒక్క రోజుతో కబ్స్‌కు అతనిపై ఇంకో ఏడాది హక్కు మిగిలింది. బ్రయంట్ ఆ సీజన్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు, మరుసటి ఏడాది లీగ్‌లోనే అత్యుత్తమ ఆటగాడు. ఇది అన్యాయం అనడానికి నేను వెనుకాడను.

* అంతర్జాతీయ క్రికెట్ ఆడాలంటే కనీసం 15 ఏళ్లు నిండాలని ఐసీసీ 2020లో నియమం పెట్టింది. ప్రత్యేక సందర్భాల్లో బోర్డు మినహాయింపు కోరవచ్చు.

* ప్రమోషన్ అంటే జట్టు మారడమే కాదు, బ్యాటింగ్ ఆర్డర్‌లో పైకి రావడం కూడా. 2024 నవంబరులో దక్షిణాఫ్రికాలో తిలక్ వర్మ కెప్టెన్ సూర్యకుమార్ దగ్గరకు వెళ్లి, మూడో స్థానంలో అవకాశమివ్వమని అడిగాడు. సూర్య తన స్థానమే ఇచ్చేశాడు. సెంచూరియన్‌లో 107 నాటౌట్, జొహానెస్‌బర్గ్‌లో 120 నాటౌట్. తిలక్‌కు అప్పుడు 22 ఏళ్లు.

* మరి మన పిల్లల్లో ఏం చూడాలి? బేస్‌బాల్ కోచ్‌లు కొట్టిన హిట్లతో పాటు, వదిలేయాల్సిన బంతి వెంట ఎన్నిసార్లు పడ్డాడో లెక్కిస్తారు. ఎల్లారెడ్డి మైదానంలో టెన్నిస్ బంతితో సిక్సర్లు బాదే అబ్బాయి, లెదర్ బంతి ఆఫ్‌స్టంప్ అవతల స్వింగవుతుంటే వదిలేస్తున్నాడా? ఛాతీ ఎత్తుకు లేచిన బంతి నుంచి కళ్లు తిప్పేసుకుంటున్నాడా? పోయిన వారం ఎలా అవుటయ్యాడో, ఈ వారమూ అలాగే అవుటవుతున్నాడా? స్కోర్‌బుక్‌లో పరుగుల పక్కన ఇవి కూడా రాసి పెట్టుకోండి. సిద్ధమనిపించాక పై జట్టులో ఒక్క మ్యాచ్‌తో సరిపెట్టకండి. సున్నా చేసినా వరుసగా నాలుగైదు ఆడిస్తామని ముందే పిల్లాడితో, వాళ్ల నాన్నతో చెప్పండి.