ట్రాఫిక్ చలానా: చెల్లింపు, న్యాయస్థానం, వాహనదారుని హక్కు

కర్నూలు, కడప జిల్లాల పత్రికలలో తరచుగా కనిపించే వార్త ఒకటి ఉన్నది. ఫలానా కూడలి వద్ద వాహనాల తనిఖీ జరిగిందని, హెల్మెట్ లేని ఇంతమందికి పోలీసులు ఇంత మొత్తం జరిమానా విధించారని ఆ వార్త సారాంశం. అందులోని సంఖ్యలు సరైనవే కావచ్చును గాని, "పోలీసులు జరిమానా విధించారు" అన్న మాట చట్టరీత్యా సరికాదు. మోటారు వాహనాల చట్టం, 1988 కింద నేరనిర్ణయం చేసి జరిమానా విధించే అధికారం న్యాయస్థానానిది. రహదారిపై పోలీసు అధికారి గాని, రవాణా శాఖ అధికారి గాని స్వీకరించేది ఆ చట్టంలోని 200వ సెక్షను కింద రాజీ రుసుము. వాడుకలో దీనినే కాంపౌండింగ్ ఫీజు అంటున్నారు.

ఇది కేవలం మాటల పట్టింపు అని పాత్రికేయ మిత్రులు భావించరాదు. రాజీ అనేది వాహనదారుడు సమ్మతిస్తేనే జరుగుతుంది. తాను తప్పు చేయలేదని భావించే వ్యక్తి రుసుము చెల్లించకుండా న్యాయస్థానంలో తన వాదన వినిపించుకోవచ్చును. చలానా ఒక ఆరోపణ పత్రం. దానిని తీర్పుగా భావించి మారుమాట లేకుండా చెల్లించేవారు, అదే కారణంతో భయపడి మూలన పడవేసేవారు కూడా మన జిల్లాలలో అనేకులు ఉన్నారు.

రాజీకి వీలైన నేరాలు ఏవో 200వ సెక్షను స్పష్టంగా పేర్కొన్నది. ఏ అధికారి, ఎంత మొత్తం స్వీకరించవలెనో రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషను ద్వారా నిర్ణయిస్తుంది. రుసుము చెల్లించిన తరువాత ఆ నేరంపై ప్రాసిక్యూషను ఉండదు. అయితే 2019 సవరణ అనంతరం, లైసెన్సుకు సంబంధించిన కొన్ని చర్యలు రుసుము చెల్లించినంత మాత్రాన తొలగిపోవు. మద్యం సేవించి వాహనం నడపడం (185వ సెక్షను), మైనరు చేతికి వాహనం ఇవ్వడం (199ఎ సెక్షను) రాజీకి వీలైన జాబితాలో లేవు. ఇట్టి కేసులు న్యాయస్థానానికి వెళ్లవలసినవే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నట్లు పరీక్షలో తేలిన వాహనదారుడు అక్కడికక్కడే డబ్బు చెల్లించి బయటపడగలనని అనుకొంటే అది పొరపాటే.

ఇక న్యాయస్థానానికి వెళ్లే విషయం. నేరం జరిగిన ప్రాంతంపై అధికార పరిధి గల మేజిస్ట్రేటు న్యాయస్థానమే ఆ కేసును విచారిస్తుంది. వాహనదారుని స్వగ్రామంతో దీనికి సంబంధం లేదు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడప చేరే 40వ నెంబరు జాతీయ రహదారిని దృష్టిలో ఉంచుకొంటే ఇందలి కష్టం బోధపడుతుంది. ఎర్రగుంట్ల నుంచి నాపరాయి తీసుకువచ్చే లారీ డ్రైవరుకు కర్నూలు సమీపంలోని ఓర్వకల్లు వద్ద చలానా అందితే, వాయిదా రోజున అతడు చాలా దూరం ప్రయాణించవలసి వస్తుంది. ఆనాటి కూలి పోతుంది, దారిఖర్చు అదనం. వాయిదా మరొక తేదీకి మారినచో ఈ నష్టం రెట్టింపు. 500 రూపాయల జరిమానాకు మాత్రమే గురికాగల వ్యక్తి అంతకు మించి కోల్పోతున్నాడు.

శాసనకర్తలు ఈ ఇబ్బందిని ముందుగానే గుర్తించారు. చట్టంలోని 208వ సెక్షను ప్రకారం, జరిమానాతో మాత్రమే శిక్షించదగిన నేరాలలో న్యాయస్థానం తాను పంపే సమనుపైనే రెండు మార్గాలను తెలియజేయవలెను. నిందితుడు స్వయంగా గాని, న్యాయవాది ద్వారా గాని హాజరు కావచ్చును. లేదా విచారణ తేదీకి ముందే నేరాన్ని అంగీకరించి, న్యాయస్థానం సూచించిన మొత్తాన్ని మనియార్డరు ద్వారా పంపవచ్చును. నేరాంగీకారాన్ని మనియార్డరు కూపనుపైనే రాస్తే చాలును. ఈ విధంగా పంపినవారిపై తదుపరి చర్య ఉండరాదని, నేరం అంగీకరించిన కారణంగా లైసెన్సుకు అనర్హత కలుగరాదని కూడా ఆ సెక్షనులో ఉన్నది. కేంద్ర ప్రభుత్వం నిబంధనల ద్వారా మినహాయించిన నేరాలకు ఇది వర్తించదు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో స్వల్ప నేరాల ప్రత్యేక సమనుకు సంబంధించిన 229వ సెక్షను మోటారు వాహనాల నేరాలను తన పరిధి నుంచి తప్పించినది. కనుక సమను సిద్ధం చేసే సిబ్బంది చూడవలసినది 208వ సెక్షనునే.

సమను చేరడం మరొక సమస్య. ఆలూరు, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల కుటుంబాలు వాన కురవని ఏడాది సుగ్గికి గుంటూరు మిరప తోటలకు, బెంగుళూరు భవన నిర్మాణ పనులకు తరలిపోతాయి. ఇంటికి తాళం ఉంటుంది. రిజిస్ట్రేషనులో ఉన్న ఫోను నెంబరు ఏనాడో మారి ఉంటుంది. సమను అందని విషయం వాహనదారుడు తిరిగి వచ్చి, వారంటు వార్త విన్నప్పుడు గాని తెలియదు. రవాణా శాఖ వద్ద చిరునామా, ఫోను నెంబరు సరిచేయించుకోవడం ఈ కుటుంబాలకు ఎంతో అవసరం. సుగ్గికి బయలుదేరే ముందే ఈ మాట చెప్పగల స్థితిలో ఉన్నవారు గ్రామ సచివాలయ సిబ్బంది.

ఇంతకంటె చిక్కైనది అమ్మిన వాహనం. సంతకం చేసిన కాగితాలు చేతిలో పెట్టి మోటారు సైకిలును అమ్మివేయడం మన పల్లెలలో మామూలు. చట్టంలోని 50వ సెక్షను ప్రకారం అదే రాష్ట్రంలో విక్రయం జరిగితే అమ్మినవారు 14 రోజులలోగా రిజిస్ట్రేషను అధికారికి తెలియజేయవలెను. అట్లు తెలియజేయని పక్షంలో కొన్నవారి చలానాలు అమ్మినవారి పేరనే వస్తాయి. చలానాతో సరిపెట్టుకోగలిగితే అదృష్టమే. రికార్డులలో ఎవరి పేరు ఉన్నదో వారే ప్రమాద పరిహారానికి బాధ్యులని సర్వోన్నత న్యాయస్థానం 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసినది.

ఆరోపణను కాదనదలచినవారు ఏమి తెలుసుకోవలెను? నేరాన్ని రుజువు చేయవలసిన భారం ప్రాసిక్యూషనుపై ఉంటుంది. అతివేగం కేసులో ఒకే సాక్షి తన అభిప్రాయంగా చెప్పిన వేగాన్ని బట్టి మాత్రమే శిక్ష విధించరాదని, ఆ అభిప్రాయం యాంత్రిక లేదా ఎలక్ట్రానిక్ పరికరంపై ఆధారపడి ఉండవలెనని 183వ సెక్షను చెబుతున్నది. కెమెరా ద్వారా నమోదైన కేసులకు 2021 ఆగస్టులో వచ్చిన 167ఎ నిబంధన వర్తిస్తుంది. దీని ప్రకారం కెమెరాలు ఉన్న మార్గంలో ముందుగా హెచ్చరిక బోర్డు ఉండవలెను, నోటీసును 15 రోజులలోగా పంపవలెను, చలానా పరిష్కారమయ్యే వరకు ఆ దృశ్యాన్ని భద్రపరచవలెను. ఈ నిబంధన అనుబంధంలోని నగరాలలో కర్నూలు, కడప కూడా ఉన్నాయి. జరిమానాతో మాత్రమే శిక్షించదగిన నేరాన్ని సాధారణంగా ఆరు నెలల తరువాత న్యాయస్థానం విచారణకు స్వీకరించదు. జాప్యానికి తగిన కారణం ఉన్నదని భావిస్తే స్వీకరించే అధికారం మాత్రం దానికి ఉన్నది. అధికారి లైసెన్సును స్వాధీనం చేసుకొంటే రసీదు ఇవ్వవలెను. లైసెన్సు తిరిగి చేతికి వచ్చే వరకు ఆ రసీదుతో వాహనం నడపవచ్చును.

పత్రాలు వెంట లేవన్న కారణంపై వచ్చిన చలానాలలో చాలావరకు న్యాయస్థానం దాకా వెళ్లనవసరం లేదు. ఎలక్ట్రానిక్ రూపంలో చూపిన పత్రాలు కూడా చెల్లుతాయి.

చలానా గురించి ఏమీ చేయకుండా ఊరకుండడమే అన్నింటికంటె నష్టదాయకం. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద 44వ నెంబరు జాతీయ రహదారిపై హైదరాబాదు - బెంగుళూరు ప్రైవేటు బస్సు ఒక మోటారు సైకిలును ఢీకొన్న అనంతరం దగ్ధమై 19 మంది ప్రయాణికులు మరణించారు. ఆ బస్సుపై చెల్లించని చలానాలు పెక్కు ఉన్నట్లు అప్పట్లో పత్రికలు వెల్లడించాయి. ప్రమాదానికి అవే కారణమని అనలేము. అయితే చెల్లింపు గాని, విచారణ గాని లేకుండా చలానాలు పేరుకొనిపోతే, మాటిమాటికీ నిబంధన ఉల్లంఘించే వాహనాన్ని, ఒకసారి పొరపాటు పడిన రైతు ట్రాక్టరును వేరుచేసి చూడడానికి అధికారులకు ఆధారం ఉండదు.

పెండింగు కేసులకు లోక్ అదాలత్ మరొక దారి. అక్కడి పరిష్కారం అంతిమమైనది, దానిపై అప్పీలు ఉండదు. రాజీకి వీలుకాని నేరాలు దాని పరిధిలోకి రావు. తాను నిర్దోషినని వాదించదలచిన వ్యక్తికి కూడా అది తగిన వేదిక కాదు, ఎందుకనగా లోక్ అదాలత్ దోష నిర్ణయం చేయదు. అటువంటివారు విచారణనే కోరవలెను. మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, దివ్యాంగులు, నిర్ణీత పరిమితికి లోబడి ఆదాయం గలవారు న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 కింద ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చును. ఇందుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవలెను. 15100 నెంబరుకు ఫోను చేసి కూడా వివరాలు తెలుసుకోవచ్చును.