నమూనా విమానానికి రెక్క కట్టడం

రేడియో తరంగాలతో నడిచే నమూనా విమానాలకు అమెరికాలో సుదీర్ఘ చరిత్ర ఉన్నది. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో వాల్టర్, విలియం గుడ్ అనే కవల సోదరులు 1937లో ‘గఫ్’ అనే నమూనా విమానాన్ని రేడియో ద్వారా నడిపారు. అనంతరం అది స్మిత్‌సోనియన్ సంస్థవారి సేకరణలో చేరింది.

విమానంలో ప్రధానాంగం రెక్క. ఇంజను ఆగినా రెక్క చక్కగా ఉన్న విమానం మెల్లగా నేలకు దిగగలదు. రెక్క విరిగితే మాత్రం దానిని కాపాడే ఉపాయం లేదు.

రెక్క నిర్మాణం

గాలిపటానికి వెదురుబద్ద ఎట్లో, రెక్కకు ‘స్పారు’ అట్లు. ఇది సాధారణంగా ఒకదానిపై ఒకటిగా అమర్చిన రెండు సన్నని బద్దలు. వాటికి అడ్డంగా పక్కటెముకల వలె ‘రిబ్బులు’ నిలుస్తాయి. రెక్కకు తగిన వంపునిచ్చేవి ఇవే. రిబ్బులకు తేలికైన బాల్సా చెక్కను వాడుతారు. ఈ చెక్క అధికంగా ఈక్వడార్ నుండి వస్తుంది.

5 పౌండ్ల విమానానికి 60 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు గల రెక్క ఉన్నదనుకొందాము. వేగంగా కిందికి దూకి హఠాత్తుగా పైకి లేచినప్పుడు బరువుకు 5 రెట్లు, అనగా 25 పౌండ్ల భారం రెక్కపై పడవచ్చును. ఒక్కొక్క సగంపై 12.5 పౌండ్లు. ఆ బలం మధ్య అతుకుకు సుమారు 15 అంగుళాల దూరంలో పనిచేస్తున్నట్లు భావిస్తే, అతుకు వద్ద వంచే బలం 187 పౌండ్-అంగుళాలకు పైమాటే. స్పారు బద్దల నడుమ ఎడం ఒక అంగుళమైతే, పైబద్దపై సుమారు 187 పౌండ్ల ఒత్తిడి, కిందిబద్దపై అంతే లాగుడు కలుగుతాయి. అందుకే బద్దల నడుమ పలుచని బాల్సా పలకలను చెక్క నార నిలువుగా ఉండేటట్లు అతికించాలి. రెండు సగాలు కలిసేచోట ప్లైవుడ్ పలకను ఎపాక్సీ జిగురుతో బిగించాలి.

కూర్చే విధానం

చదునైన బల్లపై నమూనా చిత్రాన్ని పరచి, జిగురు అంటకుండా దానిపై మైనపు కాగితం కప్పాలి. కిందిబద్దను గుండుసూదులతో నిలిపి, రిబ్బులను నిటారుగా అతికి, ఆపైన పైబద్దను అమర్చాలి. జిగురు పూర్తిగా ఆరక ముందే బల్లపై నుండి తీస్తే రెక్క మెలితిరుగుతుంది. ఒక సగం మరొకదానికన్న ఎక్కువ కోణంలో ఉంటే విమానం ఒక పక్కకు ఒరుగుతుంది. దిగేవేళ వేగం తగ్గినప్పుడు ఆ సగమే ముందు ఎత్తుబలాన్ని కోల్పోయి ప్రమాదం తెస్తుంది. స్వల్పమైన మెలికను, పైన కప్పిన ప్లాస్టిక్ పొరను వేడిచేస్తూ రెక్కను ఎదురుదిశకు మెల్లగా తిప్పి సరిచేయవచ్చు.

ఎగరవేయుటకు ముందు

విమానాన్ని ముక్కు, తోకల వద్ద పట్టి ఎత్తి ఏ రెక్క వాలుతున్నదో చూడాలి. తేలికగా ఉన్న రెక్క చివర చిన్న బరువును చేర్చాలి. గరిమనాభి సాధారణంగా రెక్క ముందు అంచు నుండి వెడల్పులో నాలుగవ వంతు దాటిన ప్రాంతంలో ఉంటుంది. చిత్రంలో చూపిన స్థానాన్నే పాటించాలి. నియంత్రణ కర్రను కుడికి నెట్టినప్పుడు కుడి ఎయిలరాన్ పైకి లేవాలి. ఇది తారుమారైతే మొదటి మలుపులోనే విమానం నేలపాలవుతుంది.

250 గ్రాములకు మించిన నమూనాలను ఆరుబయట ఎగరవేసేవారు ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ వద్ద నమోదు చేయించుకోవాలి. ఉచిత భద్రతా పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. 1936లో స్థాపితమైన అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్‌కు అనుబంధమైన క్లబ్బులు దేశమంతటా ఉన్నవి. తొలిసారి ఎగరవేసేటప్పుడు అనుభవజ్ఞుడు పక్కన ఉండడం పిల్లలకు, వారు వారాల తరబడి శ్రమించి కట్టిన రెక్కకు, చూడవచ్చిన వారికి కూడా క్షేమం.