పొగలోని వాయువు మందెలా అయింది?

వాహనాల పొగలో ఉండే నైట్రిక్ ఆక్సైడ్‌ను ఊపిరాడని పిల్లలకు మందుగా ఇస్తారు. ఎందుకు? తీవ్రమైన న్యుమోనియాలో ఊపిరితిత్తుల్లోని గాలిగదులు కొన్ని ద్రవంతో నిండిపోతాయి. అక్కడికి వెళ్లిన రక్తం ఆక్సిజన్ అందకుండానే తిరిగొస్తుంది. వెంటిలేటర్ గాలిలో ఈ వాయువును పది లక్షల పాళ్లకు సుమారు 20 పాళ్లు కలిపితే, అది గాలి ఆడే గదులకే చేరి, వాటి చుట్టూ ఉన్న రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. రక్తం అటు మళ్లుతుంది! ఇంకా అద్భుతం ఏమిటంటే, రక్తంలోకి రాగానే హిమోగ్లోబిన్ దాన్ని పట్టేస్తుంది. అందుకే మిగతా ఒంట్లో రక్తపోటు పడిపోదు. రక్తనాళాలకు ఈ వాయువు ఇచ్చే సంకేతాన్ని కనిపెట్టిన ముగ్గురికి 1998లో నోబెల్ వచ్చింది. ఊపిరందని నవజాత శిశువుల్లో కొందరికి ఇది బాగా పనిచేస్తుంది. పెద్ద పిల్లల్లో మాత్రం ఆక్సిజన్ కొంతకాలమే పెరుగుతుంది. ప్రాణాలు నిలుపుతుందని ఇంకా రుజువు కాలేదు.